సున్నా లేని నూట నలభై ఫారాలు

సువర్ణకుమారి ఎవరింటికి వెళ్ళినా ముందు గుమ్మంలో చెప్పులు చూస్తుంది. ముఖాలు తర్వాత. "మా ఆయన డ్యూటీకెళ్ళిపోనాడండీ" అని ఇల్లాలు చెబుతున్నప్పుడు గడప పక్కన సేఫ్టీ బూట్లు కనబడ్డాయంటే చాలు, "మరైతే వట్టి కాళ్ళతో ఎళ్ళేడేటి?" అని అక్కడే కూలబడుతుంది. లోపల పడుకున్న మనిషి లుంగీ సర్దుకుంటూ బయటికి రావలసిందే. జంషెడ్‌పూర్‌లో భుయ్యాడీహ్ నుంచి బిర్సానగర్ దాకా తెలుగువాళ్ళున్న ప్రతి సందులోనూ ఆమెకి ఈ పేరుంది. పిల్లలు దూరం నుంచే చూసి "ఫారం ఆంటీ ఆ గయీ" అని అరుస్తారు. పెద్దవాళ్ళు చడీ చప్పుడు లేకుండా తలుపు వేసుకుంటారు.

ఈ అనుమానం ఆమెకి తండ్రి ఇచ్చిన ఆస్తి. సవరయ్య భీమిలి వైపు నుంచి వచ్చి ఒక కార్ఖానా గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేశాడు. బయటికి వెళ్ళే ప్రతి మనిషి టిఫిన్ డబ్బా మూత ముప్పై ఏళ్ళపాటు తీయించి చూశాడు. ఆదివారం చర్చి నుంచి వస్తూ పాదిరిగారి సంచీ మీద కూడా ఓ చూపు వేసేవాడని ఇప్పటికీ నవ్వుకుంటారు. "మొదట అడిగితే నోటికొచ్చింది చెప్తాడమ్మా. మూడోసారి అడుగు, అప్పుడు బయటికొత్తాది నిజం" అని కూతురికి చెప్పేవాడు. కూతురు ఆ మాట బైబిలు వాక్యంలా పట్టుకుంది.

కొన్నేళ్ళు ఒక చిన్న తెలుగు బడిలో పాఠాలు చెప్పింది. పిల్లలు హిందీ బడులకీ ఇంగ్లీషు బడులకీ మళ్ళిపోయాక ఆ బడి మూతపడింది. అప్పటినుంచి ఇవే ఫారాలు. జనాభా లెక్కలు, పోలియో చుక్కలు, రేషన్ కార్డులు, సబ్బుల కంపెనీల సర్వేలు. నలుగురున్న ఇంట్లో పదకొండు పేర్లతో నడుస్తున్న రేషన్ కార్డుని పట్టుకున్నది ఆమే. భర్త నెల్సన్ కార్ఖానాకి మనుషుల్ని తీసుకెళ్ళే షిఫ్ట్ బస్సు నడుపుతాడు. బస్సులో ఎంత గలగలలాడినా ఇంట్లో అతను మాట్లాడేది తక్కువ. ఎందుకో మనం ఊహించుకోవచ్చు.

కిందటేడు సింధు వచ్చింది. బిర్సానగర్ పిల్లే, మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళ నిద్ర గురించీ దిగులు గురించీ నాలుగు వందల ఇళ్ళలో అడగాలి, ముగ్గురు మనుషులు కావాలి అంది. సువర్ణకుమారి మూడో నంబరు. ఆమె వంతు భుయ్యాడీహ్, నూట నలభై ఇళ్ళు. ప్రశ్నలు ఇరవై రెండు. అందులో ఏడోది ముఖ్యమైనది: "సాధారణంగా వారంలో ఎన్ని రోజులు మీకు సరిగ్గా నిద్ర పట్టదు?" ఫారాలతో పాటు సూచనల కాగితం ఒకటి ఇచ్చారు. ప్రశ్న ఉన్నదున్నట్టు ఒక్కసారే చదవాలి, వచ్చిన మొదటి జవాబే రాయాలి అని అందులో ఉంది. సువర్ణకుమారి ఆ కాగితం చదివి మడిచి సంచీలో అడుగున పెట్టేసింది. ఇలాంటివి పని ఎగ్గొట్టే కుర్రపిల్లల కోసం రాస్తారని ఆమె నమ్మకం.

నెలన్నరలో నూట నలభై ఫారాలూ నింపి ఇచ్చింది. ఒక్క గడి ఖాళీ లేదు. సింధు మురిసిపోయి వ్యాసం రాసి ఒక పరిశోధన పత్రికకి పంపింది. ఏడు నెలలకి జవాబు వచ్చింది. ఆ రోజే సువర్ణకుమారిని కాలేజీకి రమ్మని ఫోన్ చేసింది.

"మనం రాసింది పత్రికవాళ్ళు ఆ సబ్జెక్టు తెలిసిన ఇద్దరికి పంపుతారు ఆంటీ. పీర్ రివ్యూ అంటారు. వాళ్ళెవరో మనకి చెప్పరు, మనమెవరో వాళ్ళకి చెప్పరు. ఎక్కడ కన్నం ఉందో వాళ్ళు వెతుకుతారు. అది పూడిస్తేనే అచ్చు వేస్తారు."

"జీతమెంతిత్తారు వాళ్ళకి?"

"ఏమీ ఇవ్వరు."

"ఊరికే చేత్తారా? అయితే ఏదో ఉన్నాదమ్మా" అంది సువర్ణకుమారి, కుర్చీ ముందుకి లాక్కుంటూ.

సింధు ఇబ్బందిగా కాగితం తిప్పింది. ఒక సమీక్షకుడికి అంతా నచ్చింది. రెండో సమీక్షకుడు మాత్రం మూడో నంబరు దగ్గర ఆగిపోయాడు. మిగతా ఇద్దరి ఫారాల్లో నిద్ర పట్టని రోజులు సగటున ఒకటిన్నర ఉంటే, మూడో నంబరు ఫారాల్లో నాలుగు దాటాయి. అదలా ఉంచినా, నూట నలభై మందిలో సున్నా అన్నవాడు ఒక్కడూ లేడు. ఏ ఊళ్ళోనైనా హాయిగా నిద్రపోయేవాళ్ళు కొందరుంటారు కదా, ఈ ఫారాలు నిజంగా ఇళ్ళకి వెళ్ళి నింపినవేనా, దయచేసి వివరించండి అని మర్యాదగా రాశాడు.

ఆ మర్యాదే సువర్ణకుమారికి ఒళ్ళు మండించింది. తిడితే తిరిగి తిట్టొచ్చు. పేరు లేదు, ముఖం లేదు, గుమ్మంలో చెప్పులు కూడా లేని మనిషి తనని దొంగ అంటున్నాడు. ఊళ్ళో అందరినీ అనుమానించే హక్కు తనకుంది గానీ తనని అనుమానించే హక్కు ఇంకొకరికి ఉంటుందని ఆమెకి యాభై మూడేళ్ళలో ఎన్నడూ తోచలేదు. ఆమెకి పెద్ద చదువు లేదు, పదవి లేదు. ఉన్నదల్లా 'సువర్ణకుమారి రాసిందంటే రాసిందే' అన్న పేరు. అది పోతే తను ఏ గుమ్మం ఎక్కగలదు?

"మీరేం బెంగపడకండి ఆంటీ" అంది సింధు. "భుయ్యాడీహ్‌లో ఇళ్ళు ఇరుకు, వేడి, నది దోమలు, అందుకే అక్కడ నిద్ర తక్కువ అని రాసేస్తాను. నమ్ముతారు. మీ సంగతి నాకు తెలీదా?"

సువర్ణకుమారి తల ఊపింది గానీ చెవులు సింధు మాటల మీద లేవు. ఆ రెండోవాడెవడో కనిపెట్టాలి. ఆటో ఎక్కేసరికే కనిపెట్టేసింది కూడా. సీతారామరావు! ఇంకెవరు? టెల్కో కాలనీలో ఉండే రిటైర్డు లెక్చరరు, మనస్తత్వశాస్త్రమే చెప్పేవాడు. ఆరేళ్ళ కిందట రేషన్ కార్డుల సర్వేలో ఆయన కింద పనిచేసిన కుర్రాళ్ళు టీ కొట్టులో కూచుని ఫారాలు నింపితే, నలుగురిలో బయటపెట్టింది సువర్ణకుమారి. ఆ కసి ఇన్నాళ్ళకి తీర్చుకున్నాడన్నమాట.

మర్నాడు పొద్దున్నే ఆయన క్వార్టరు గుమ్మంలో నిలబడింది. సీతారామరావు ఒక కంటికి కట్టుతో వరండాలో రేడియో వింటున్నాడు. నాలుగు రోజుల కిందట శుక్లం తీశారట. సువర్ణకుమారి ఆ కట్టుని కూడా నమ్మలేదు. బల్ల మీద చుక్కల మందు సీసా ఉందో లేదో చూసి, ఉందని తేల్చుకుని, అప్పుడు అసలు సంగతి ఎత్తింది.

"నాకా పంపేది? రెండో కంటితో పేపరు పెద్దక్షరాలే కనబడక చస్తున్నానమ్మా" అన్నాడాయన. తర్వాత సంగతంతా చెప్పించుకుని విన్నాడు. విని రేడియో కట్టేశాడు. "ఎవరైతేనేం గానీ, ఆయన అడిగింది తప్పా? నూట నలభై మందిలో ఒక్కడికీ నిద్ర పట్టదా?"

"పట్టదు. నాతో చెప్పేరు."

"నా కుర్రాళ్ళు కూడా ఇళ్ళకి వెళ్ళామనే చెప్పారు. ఇన్ని ఫారాల మీద ఒకే సిరా, ఒకే టీ మరక ఏమిటని మీరు అడిగారు. ఎంత సిగ్గుపడ్డానో నాకే తెలుసు. కానీ మీరు అడగబట్టే కదా ఆ సర్వే బాగుపడింది. ఇప్పుడు మిమ్మల్ని అడిగారు. చూసుకోండి మరి."

సువర్ణకుమారికి తల కొట్టేసినట్టయింది. అయినా బింకం సడలనివ్వకుండా లేచింది. చూసుకోమన్నాడు కదా, చూసుకుంటుంది. తన ఫారాల్లోని మనుషుల చేతే 'అవును, మేమే చెప్పాం' అనిపించి, ఆ రెండోవాడి నోరు మూయిస్తుంది.

మొదట దొరికినవాడు అసిరయ్య. కాంట్రాక్టు లేబరు, భుయ్యాడీహ్ రోడ్డు పక్కన బండి దగ్గర నిలబడి బఠాణీల ఘుగ్నీ తింటున్నాడు.

"అసిరయ్యా, పోయినేడు నేనడిగితే వారానికి నాలుగు రోజులు నిద్దరుండదని చెప్పేవు. చెప్పేవా లేదా?"

"చెప్పేను."

"చూసేవా మరి! నిజవే కదా?"

అసిరయ్య దొప్ప పక్కన పెట్టి పకపకా నవ్వాడు. "ఎవరికి, నాకా? నాను మంచమెక్కితే మాయావిడ లేపడానికి పళ్ళెం వాయించాల."

"మరలాగెందుకు చెప్పేవు?"

"నువ్వు ఒగ్గితేనా తల్లీ! బాగా పడతందంటే కళ్ళెర్రగా ఉన్నాయన్నావు. ఒకటన్నాను, నిజం చెప్పన్నావు. రెండన్నాను, కలం అలాగెత్తి పట్టుకుని నా మొహంలోకి సూసేవు. అవతల రాత్రి డ్యూటీకి సి షిఫ్ట్ బస్సెళ్ళిపోతంది. నాలుగన్నాను. రాసుకున్నావు, ఎళ్ళిపోయేవు."

సువర్ణకుమారి మొదట అనుకున్నది, వీడికి సీతారామరావు ఏదో ముట్టజెప్పి ఉంటాడని. ఒంటికన్ను ముసలాయన తనకన్నా ముందు ఇక్కడికి ఎలా వచ్చాడని ఆలోచిస్తూ పది అడుగులు నడిచింది. పదకొండో అడుగు దగ్గర ఆగిపోయింది. నూట నలభై ఇళ్ళలోనూ తను ఎత్తి పట్టుకున్న కలం కళ్ళ ముందు కనబడింది. మూడోసారి అడిగితే నిజం వస్తుందని తండ్రి చెప్పాడు. మూడోసారి అడిగితే, అడిగే మనిషికి కావలసింది కూడా వస్తుందని ఆయన చెప్పలేదు. బహుశా ఆయనకీ తెలియదు. టిఫిన్ డబ్బాలో ఏముందో మూత తీస్తే కనబడుతుంది. నిద్ర అలా కనబడేది కాదు.

సింధు అప్పటికే జవాబు రాసి పెట్టింది. దోమలూ ఇరుకూ అన్నీ అందులో పొందికగా ఉన్నాయి. పత్రికకి పంపడానికి ఒక్క మీట నొక్కడమే తరువాయి.

"పంపకు" అంది సువర్ణకుమారి వస్తూనే. నిలబడే మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె గొంతు కోపంగానే ఉంది, ఎవరి మీదో మాత్రం తెలియదు. "నన్నెందుకు నమ్మేవు నువ్వు? ఒక్క ఇంటికైనా ఎళ్ళి సూడాలని తోచలేదా నీకు? చదువుకున్నదానివి!"

సింధు ముఖం పాలిపోయింది. రాసిన జవాబు మూసేసి, "ఇనుమైతే తూకం వేస్తాం ఆంటీ. మనసుకి ప్రశ్న తప్ప ఇంకో తూకం లేదు. అడిగే తీరు మారితే జవాబు మారిపోతుంది" అంది. "నేను చూడాల్సింది. ఆయన చూశాడు."

ఇద్దరూ కూచుని వేరే ఉత్తరం రాశారు. భుయ్యాడీహ్ నూట నలభైలో ఇరవై ఇళ్ళు చీటీలు వేసి తీస్తాం, వేరే మనిషి వెళ్ళి ఏడో ప్రశ్న ఒక్కసారే అడుగుతుంది. పాత జవాబుకి ఒక రోజు అటూ ఇటూగా పదిహేను ఇళ్ళు కలిస్తే మూడో నంబరు ఫారాలు ఉంచుతాం, లేకపోతే మొత్తం తీసేసి ఆ సంగతి వ్యాసంలోనే రాస్తాం. తర్వాత మాట మార్చడానికి వీల్లేకుండా ముందే పత్రికకి పంపేశారు. పదిహేను కలవాలని సువర్ణకుమారి ఆ రాత్రి మోకరించి ప్రార్థన చేసుకుంది. ఎంత ఒప్పుకున్నా, పేరు మీద ఆశ చావదు కదా.

అడగడానికి వచ్చినది స్టెఫీ, సింధు కాలేజీలో చదువుకుంటున్న పిల్ల. ఇళ్ళు చూపించడం వరకే సువర్ణకుమారి పని. ఇల్లు చూపించి, మాట వినబడనంత దూరంలో నిలబడాలి. మూడు రోజులు అలా సందు చివర నిలబడటం ఆమెకి జ్వరం కన్నా ఎక్కువ బాధపెట్టింది. ప్రతి ఇంటి నుంచి బయటికి వచ్చాకే పాత జవాబుతో పోల్చి చూసే స్టెఫీకి, ఆ లెక్క ఎవరికీ చెప్పొద్దని సింధు గట్టిగా చెప్పింది. కానీ పంతొమ్మిదో ఇంటి నుంచి వస్తూ ఆ పిల్ల ఆపుకోలేకపోయింది.

"ఆంటీ, చౌదహ్ మిల్ గయే!" అంది సంతోషంగా. పద్నాలుగు కలిశాయి. ఇంకొక్కటి.

చివరి ఇల్లు సూర్యానిది. నది వైపు సందులో ఆఖరు గది. ఆ ఇల్లు సువర్ణకుమారికి బాగా గుర్తుంది. సూర్యం కూడా మొదట బాగానే పడతందన్నాడు. మూడోసారికి తల దించుకుని అయిదు అన్నాడు. అసిరయ్య తల దించుకోలేదు. ఇది మాత్రం నిజం, దేవుడి తోడు నిజం అనుకుంది ఆమె. ఇది కలుస్తుంది.

మధ్యాహ్నం మూడు గంటలు. స్టెఫీ లోపలికి వెళ్ళింది. ఒక నిమిషం గడిచిందో లేదో సూర్యం భార్య నూకాలమ్మ బయటికి వచ్చి అటూ ఇటూ చూసి, గబగబా సందు చివరికి నడిచి వచ్చింది.

"అమ్మా, నువ్విక్కడున్నావేటి? లోపలికి రా. ఆ పిల్ల అడుగుతంటే మా ఆయన నిద్దర బాగా పడతందని చెప్తన్నాడు. అబద్దం! పరాయి పిల్ల ముందు నామోషీ. సి షిఫ్ట్ దిగి వత్తాడు, కళ్ళు మూతపడవు. మొన్న సైకిల్ మీంచి పడిపోయేడు. డ్యూటీలో పడితే ఏటి నా గతి? పెద్ద కాలేజీవోళ్ళు రాత్తే షిఫ్ట్ మారుత్తారేమోనని ఏడాది నుంచి సూత్తన్నాను. నువ్వొచ్చి గట్టిగా అడుగమ్మా. నీకైతే చెప్తాడు."

సువర్ణకుమారి కాళ్ళు రెండడుగులు వాటంతట అవే వేశాయి. నిజం పదిహేను గజాల దూరంలో ఉంది. వెళ్ళి ఒక్క చూపు చూస్తే చాలు. నూకాలమ్మ కోరినదీ అదే, తన పేరు నిలబడేదీ దానితోనే, వ్యాసానికి మంచిదీ అదే. ఇంతమందికి మంచిదైతే తప్పెలా అవుతుంది?

అలా అనుకోగానే ఆమెకి భయం వేసింది. నూట నలభైసార్లూ ఇలాగే అనుకుంది తను.

"అడిగితే చెప్తాడు నూకాలమ్మా" అంది గోడ పట్టుకుని. "అసిరయ్య కూడా అలాగే చెప్పేడు."

నూకాలమ్మకి ఆ మాట అర్థం కాలేదు. అంతలో స్టెఫీ కాగితం మడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆ పిల్ల ముఖం చూస్తే చాలు, ఏం రాసిందో అడగక్కర్లేదు.

"నీకు తెలుసు కదా, ఆయనకి నిద్దర్లేదని" అంది నూకాలమ్మ. ఏడుపూ కోపమూ కలిసిపోయాయి. "తెలిసీ ఊరుకున్నావు."

"తెలుసనే అనుకుంటన్నాను. తెలుసనుకునే అన్నీ రాసేను. ఏది మీ ఆయన మాటో, ఏది నా మాటో ఇప్పుడు దేవుడికి తప్ప తెలీదు. నిజం చెప్పినోళ్ళవి కూడా నా చేతుల్తోనే పాడుచేసేనమ్మా" అంది సువర్ణకుమారి. అంటూంటే కళ్ళు నిండాయి. ముప్పై ఏళ్ళలో ఒక గుమ్మం ముందు ఆమె కళ్ళు నిండటం అదే మొదలు.

"మరి ఆయన గురించి ఎవరు రాత్తారు?"

సువర్ణకుమారి ఫోన్ తీసి సింధుకి చేసి, "పదిహేను అవలేదమ్మా. నావన్నీ తీసీ. ఎందుకు తీసేవో కూడా రాయి" అని చెప్పి పెట్టేసింది.

మాటలు విని కాబోలు, సూర్యం గుమ్మంలోకి వచ్చాడు. బనీను మీద ఉన్నాడు. కళ్ళు లోపలికి పోయాయి.

"మళ్ళీ అడుగుతారేటమ్మా?" అన్నాడు.

భయపడి అడిగాడో, అడిగితే బాగుండునని అడిగాడో ఆమెకి అంతుపట్టలేదు. మనిషి ముఖం చూసి లోపలి సంగతి చెప్పగలనని ఇన్నేళ్ళూ బతికిన మనిషి, ఆ ముఖంలో ఒక్క ముక్క చదవలేకపోయింది.

"లేదు బాబూ. అయిపోనాది" అంది.

సూర్యం సరేనన్నట్టు తలూపి లోపలికి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. నడుం వాల్చడానికి మంచం మీద పక్క పరిచే ఉంది. అతను దాని మీదికి వెళ్ళకుండా, గోడకి వీపు ఆనించి కింద కూచున్నాడు.